జెనాయిద్ పేరున అచ్చయిన మాటలు

మారీ ఒజీత్ బెలివోను నేను మొట్టమొదట చూసింది 1951 అక్టోబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, కెనడా తూర్పు తీరాన మా ఊరు పెతీతాన్స్‌లో, చర్చి పక్కనున్న హాలులో. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు, నాకు ముప్పై ఆరు. వారమంతా బడిలో, ప్రభుత్వ నిబంధన ప్రకారం, పిల్లలకు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. ఆదివారం మాత్రం పెద్దవాళ్లకు మా ఫ్రెంచి రాయడం నేర్పేదాన్ని. మా అఖాతం ఒడ్డున పుట్టిన అకాడియన్లందరికీ, అంటే పాత ఫ్రెంచి వలసదారుల సంతతికి, ఆ భాష నోటికి వచ్చు, చేతికి రాదు. ఆ రోజు నా ముందు ఆరుగురు స్త్రీలు కూర్చుని ఉన్నారు. ఏడవ మనిషి అరగంట ఆలస్యంగా వచ్చి, గుమ్మంలోనే నిలబడింది. ఎడమ బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది.

"ఆలస్యమైంది," అన్నాను.

"ఆలస్యం నాది కాదు టీచరమ్మగారూ, మా నాన్నది. భోజనాల దగ్గర కథ మొదలుపెట్టాడు. కథ మధ్యలో లేస్తే చచ్చినవాళ్లకి కోపమొస్తుందంటాడు. చివరిదాకా విని పరిగెత్తుకొచ్చాను."

"నీకు రాయడం ఎందుకు?"

"ఆ కథలు పెట్టుకోవడానికే. ఆయన పోతే నా నోట్లో ఉంటాయి. నేను పోతే?"

నా దగ్గర అక్షరదోషాలు చెల్లవనీ, ఒక్క దోషమున్నా పుట మొత్తం తిరిగి రాయవలసి ఉంటుందనీ చెప్పాను. ఆమె ఏమాత్రం జంకలేదు.

"మా ఫ్యాక్టరీలో చేపముక్కలో ఒక్క ముల్లు మిగిలితే పెట్టె మొత్తం వెనక్కి తోస్తారు. మీదే నయం. ఇక్కడ చేతులు గడ్డకట్టవు."

మిగిలిన ఆరుగురూ నవ్వారు. నేను నవ్వలేదు గాని, ముందు వరుసలో చోటు చూపించాను.

ఒజీత్ పదిహేనేళ్ల వయసు నుంచి చేపల ఫ్యాక్టరీలో పనిచేసింది. మంచుగడ్డలు వేసిన ఉప్పునీళ్ల తొట్టి ముందు రోజుకు తొమ్మిది గంటలు నిలబడి, హాడక్ చేపలను కోసి, ముళ్లు తీసి, పెట్టెల్లో పేర్చేది. ఆ పని చేసే స్త్రీలందరికీ మధ్యాహ్నానికి వేళ్లు తిమ్మిరెక్కిపోతాయి. కత్తికి వేలు తెగినా తెలియదు. నీళ్లు ఎర్రబడితే అప్పుడు చూసుకుంటారు. ఆమె బొటనవేలికి గుడ్డ లేని ఆదివారాలు చాలా తక్కువ.

ఆమె పెళ్లి చేసుకోలేదు. తండ్రి పొలీత్ బెలివోతో కలిసి, సముద్రం వైపు కిటికీలున్న పాత ఇంట్లో ఉండేది. ఆమెకన్న ఐదేళ్లు పెద్దదైన అక్క ఎదెస్, అల్ఫే అనే పడవ యజమానిని పెళ్లాడి, రోడ్డుకు అవతల ఇంట్లో కాపురముండేది. ఈ గుమ్మంలో నిలబడి పిలిస్తే ఆ వంటింట్లో వినబడేది. వారిద్దరి తర్వాత జెనాయిద్ అని మరొక ఆడపిల్ల పుట్టి, నాలుగేళ్ల వయసులో, 1932 చలికాలంలో కంఠసర్పితో పోయింది. ఒజీత్ అప్పుడు ఐదేళ్లది. ఒకే మంచంలో, ఒకే దుప్పటి కింద ఆ పిల్ల పక్కన పడుకునేది ఆమే.

మా ఊళ్లో రాత్రి భోజనం కాగానే అందరూ వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని జపమాల తిప్పుతారు. జపం ముగిశాక ఆ ఇంట్లో చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటే చదివి, ఒక్కొక్కరికి ఒక ప్రార్థన చెబుతారు. ముసలివారి పేర్లు కాలక్రమాన జారిపోతాయి. పసిపిల్లల పేర్లు మాత్రం తల్లులు జారనివ్వరు. ఆ సమయానికి ఇరుగుపొరుగువారు ఎవరు వచ్చినా వారూ మోకరిల్లి ఆ పేర్లు పలుకుతారు. అందుచేత, ఎవరింట ఏ బిడ్డ పోయిందో ఊళ్లో ప్రతివారికీ కంఠతా వచ్చు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పిన విషయం కాదు.

పన్నెండేళ్లపాటు ఒజీత్ ఆదివారం పాఠాలకు వచ్చింది. తండ్రి చెప్పిన కథలు నలభై రెండు రాసింది. ఆమె రాతలో కొమ్మూ కాలూ తప్పేది కాదు. నా దగ్గర చదువుకుని పట్నం వెళ్లి ఉద్యోగాలు చేస్తున్నవారిలో చాలామంది గురించి నేను ఈ మాట అనలేను. 1963లో పొలీత్ పోయాడు. ఆమె ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలింది. ఒంటరి అన్న మాట మా ఊళ్లో అప్పటికి పెద్దగా పనికివచ్చేది కాదు. ఇక్కడ ఎవరూ తలుపు కొట్టరు. వెనక గుమ్మం తోసుకుని వంటింట్లోకి వచ్చి, కెటిల్ తామే పొయ్యి మీద పెట్టుకుంటారు.

1972 జూన్‌లో డాక్టర్ రొవేనా హాల్‌బర్ట్ మా ఊరు వచ్చింది. ఆమె వైద్యురాలు కాదు. ఒంటారియోలోని ఒక విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించేది. మా వంటి చిన్న సమూహాలు, పెద్ద భాష మధ్యలో నివసిస్తూ, తామెవరమని అనుకుంటాయో అధ్యయనం చేయడం ఆమె పని. ముప్పై అయిదేళ్లు దాటని మనిషి. టేప్ రికార్డరు భుజాన వేసుకుని, మొదటి వారం ఇంటింటికీ వెళ్లి ముందు గుమ్మం తలుపు కొట్టింది. మా ఊళ్లో ముందు తలుపు కొట్టేది ఇద్దరే: పన్నులవాడు, పడవ మునిగిందని చెప్పడానికి వచ్చే పాదిరీగారు. వెనెరాంద్ అనే ఆవిడ ఆ చప్పుడు విని భర్త పోయాడనుకుని మూర్ఛపోయినంత పని చేసింది. ఆ భర్త పెరట్లోనే వలలు బాగుచేసుకుంటున్నాడు.

డాక్టరు ఫ్రెంచి మాట్లాడేది. అది పుస్తకాల ఫ్రెంచి. ఆమె ఆ భాషలో ప్రశ్న అడిగితే, మావాళ్లు తమ భాష ఆమె ముందు మోటుగా ఉంటుందని, ఇంగ్లీషులో ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకునేవారు. పది రోజులయ్యాక ఆమె నా దగ్గరకు వచ్చింది.

"వీళ్లు నాతో మాట్లాడటం లేదు," అంది.

"మీతో మాట్లాడేటప్పుడు వాళ్లకి తాము ఎలా మాట్లాడుతున్నామో వినిపిస్తుంది," అన్నాను.

ఆ మాట ఆమె నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత, ఊళ్లో అందరింటికీ వెళ్లగలిగిన, చక్కగా రాయగలిగిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నేను ఒజీత్ పేరు చెప్పాను. చెప్పింది నేనే.

ఆ వేసవిలో ఒజీత్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ముప్పై ఒక్క ఇళ్లకు టేప్ రికార్డరు మోసుకువెళ్లింది. మాట్లాడినదంతా మాట పొల్లు పోకుండా రాసేది. ఆ ప్రతులు నేను దిద్దేదాన్ని. ఆమె ఏనాడూ అంత ఉత్సాహంగా ఉండగా నేను చూడలేదు. పని ముగిశాక సాయంత్రం నా వంటింట్లోకి వచ్చి, కెటిల్ పెట్టి, డాక్టరు ఆ రోజు ఏం చెప్పిందో చెప్పేది.

"మనిషి తానెవరో పైకి చెప్పుకునే మాట ఒకటుంటుందట టీచరమ్మగారూ. తానెవరో బయటపడకుండా చేసే పని ఇంకొకటుంటుందట. ఆ రెండింటి మధ్య ఎంత దూరముందో కొలవడానికే వచ్చిందట ఆవిడ."

"కొలిచి ఏం చేస్తుందట?"

"అది నేనూ అడిగా. పుస్తకం వేస్తుందట. మనలాంటివాళ్లు ఇంకోచోట ఉంటే, వాళ్లు చదివి, మేమొక్కళ్లమే కాదన్నమాట అనుకుంటారట. బావుంది కదా?"

బాగానే ఉందని నేనూ అనుకున్నాను.

నా వంతు జులై చివర వచ్చింది. ఒజీత్, డాక్టరు ఇద్దరూ వచ్చారు. మాట్లాడటం అయ్యాక డాక్టరు, "పుస్తకంలో ఎవరి అసలు పేరూ ఉండదు. మీరే ఒక పేరు ఎంచుకోండి. మీ పేరు కానిది ఏదైనా సరే. చదివినవాళ్లకి మీరెవరో తెలియకూడదు, అంతే," అంది.

"ఎలీజ్ అని పెట్టండి," అన్నాను.

"ఎలీజ్ ఎవరు?"

నేను చెప్పేలోగా ఒజీత్ జవాబు చెప్పింది. "ఎవరూ కాదండీ. ఉత్త పేరు."

ఎలీజ్ నా చెల్లెలు. తొమ్మిది రోజులు బతికింది. ఒజీత్ ఆ మాట కపటంగా అనలేదు. అది విని నాకూ తప్పనిపించలేదు. ఆ పేరుతో ఇప్పుడు ఎవరూ తిరగడం లేదు, ఆ పేరు పెట్టుకుంటే నొచ్చుకునేవారు లేరు. అంతకన్న ఎవరిదీ కాని పేరు మరొకటి ఉంటుందా? ముప్పై ఒక్క ఇళ్లలోనూ అదే జరిగింది. పేరు చెప్పమనగానే, ప్రతి స్త్రీ నాలుక చివరికి ప్రతి రాత్రీ తాను పలికే పేరే వచ్చింది. వెనెరాంద్ తన కవలల్లో పోయిన బిడ్డ పేరు ఇచ్చింది. డాక్టరు ఆ పట్టిక చూసి, ఎంత చక్కని పాతకాలపు పేర్లో అని మురిసిపోయింది.

ఎదెస్ తన చెల్లెలు జెనాయిద్ పేరు ఇచ్చింది.

ఎదెస్ గురించి ఇక్కడ చెప్పాలి. ప్రతి ఆగస్టు పదిహేనున, మరియమ్మ పండుగనాడు, ఊరేగింపు ముందు మా జెండా పట్టుకుని నడిచేది ఆమె. పద్దెనిమిదేళ్లుగా ఆమే. పండుగ భోజనానికి బంగాళాదుంపలు తురిమి, నీళ్లు పిండేసి, కోడిరసం పోసి రాప్యూర్ వండే యాభైమంది స్త్రీలకూ ఆమే పెద్ద. పిల్లలు వీధిలో ఇంగ్లీషు మాట్లాడుతుంటే నిలబెట్టి, "మీ తాతల తాతని ఇంగ్లీషువాళ్లు ఈ నేల నుంచి తరిమేస్తే నడిచి తిరిగొచ్చాడురా, దేనికనుకున్నావ్?" అని కేకలేసేది. ఆమె ఇంట్లో టేప్ రికార్డరు పెట్టినప్పుడు డాక్టరు లేదు, అక్కాచెల్లెళ్లిద్దరే ఉన్నారు. ఒజీత్ తెచ్చిన ప్రతి నా దగ్గర ఇప్పటికీ ఉంది. మొదటి ముద్రణలో నూట పన్నెండవ పుటలో, జెనాయిద్ పేరున, అచ్చయిన మాటలు ఇవి:

"జెండా మోసేది నేనే. మన భాష, మన భాష అని అందరికంటే గట్టిగా అరిచేది నేనే. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక నా పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడతాను. వాళ్లు చేపల వాసన కొట్టకూడదు. ఒకసారి యార్మత్‌లో పెద్ద దుకాణానికి వెళ్లాం. మా చిన్నది నన్ను 'మామా' అని, అమ్మని మన యాసలో పిలిచే పిలుపుతో పిలిచింది. అక్కడ ఇంగ్లీషు దొరసానులున్నారు. నేను వినపడనట్టు బట్టల వెనక్కి వెళ్లిపోయాను. మళ్లీ పిలిచింది. నేను తిరగలేదు. మూడోసారి 'మదర్' అంది. అప్పుడు తిరిగాను. దానికి ఆరేళ్లు. ఆ తర్వాత అది నన్నెప్పుడూ మామా అనలేదు."

ఆ ప్రతిలో తొందరలో దొర్లిన మూడు దోషాలు నేను ఎర్రసిరాతో దిద్దాను. మాట్లాడుతున్నది ఎదెస్ అని నాకు తెలుసు. జెనాయిద్ ఎవరో తెలుసు. ఈ రెండూ తెలిసి కూడా, పేరు దగ్గర నా చేయి ఆగలేదు. ముప్పై ఏళ్లు దోషాలు వెతకడమే పనిగా బతికిన దానిని.

పుస్తకం 1975 ఫిబ్రవరిలో వచ్చింది. డాక్టరు నాలుగు ప్రతులు పంపింది. ఒకటి ఒజీత్‌కు, ఒకటి నాకు, ఒకటి పాదిరీగారికి, ఒకటి లెయాన్స్ దుకాణానికి, అందరూ చూస్తారని. ఆమె ఊరి పేరు మార్చింది, ఫ్యాక్టరీ పేరు మార్చింది, అఖాతం పేరు కూడా మార్చింది. టొరంటోలో కూర్చుని చదివేవాడు ఎంత వెతికినా మమ్మల్ని కనిపెట్టలేడు.

నేను పంచదార కోసం దుకాణానికి వెళ్లేసరికి, కౌంటరు దగ్గర వెనెరాంద్ పుస్తకం తెరిచి, ఇంగ్లీషులో ఉన్నది మా భాషలోకి మార్చి పైకి చదువుతోంది. పొయ్యి చుట్టూ అయిదారుగురు చేరారు.

"ఇదిగో వినండి. 'జెనాయిద్, యాభై ఏళ్లు, నలుగురు పిల్లల తల్లి' అట!"

"ఏ జెనాయిద్?" అన్నాడు లెయాన్స్.

"బెలివోల జెనాయిదే. ఊళ్లో ఇంకెవరున్నారు?"

"నాలుగేళ్లకే పోయింది కదే పాపం! పైన పెళ్లి చేసుకుందా?"

"చేసుకుని నలుగురిని కన్నదట. మన పెద్దమ్మాయిలకే మొగుళ్లు దొరక్క చస్తుంటే!"

అందరూ నవ్వారు. వెనెరాంద్ కూడా నవ్వుతూనే తర్వాతి వాక్యం చదివింది, ఆ తర్వాతిది చదివింది. జెండా దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు నెమ్మదించింది. దుకాణం బట్టల దగ్గర పూర్తిగా ఆగింది. బెలివోల ఇంట బతికి ఉన్నవారు ఇద్దరే ఆడవాళ్లు. వారిలో పిల్లలున్నది ఒకరికే. లెయాన్స్ నా పంచదార తూచి ఇచ్చాడు. వెనెరాంద్ పుస్తకం వెనక్కి తిప్పి, తన బిడ్డ పేరు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.

మర్నాడు ఉదయం నేను ఒజీత్ వంటింట్లో ఉన్నాను. ఆమె రొట్టెకు బెల్లపు పాకం లాంటి మొలాసిస్ రాస్తోంది. అప్పుడు ముందు తలుపు చప్పుడైంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ తలుపు తెరవడానికి చాలాసేపు పట్టింది. చలికాలంలో దానికి పాతగుడ్డలు కుక్కి ఉంచుతారు. గుమ్మం ముందు, మంచులో, ఎదెస్ నిలబడి ఉంది.

"ఏంటక్కా, తలుపు కొట్టావేం? లోపలికి రా."

"పరాయి ఇంటికొస్తే తలుపు కొట్టాలంట కదా. నీ డాక్టరు అలాగే చేసేదిగా."

"అక్కా..."

"ఎవరికీ తెలీదన్నావు."

"నాకూ తెలీలేదక్కా. ఒట్టు. ఆ పేరు ఎవరిదీ కాదనుకున్నా."

"ఎవరిదీ కాదా? దాని పక్కలో పడుకున్నదానివి నువ్వు. అది పోయిందని పొద్దున మాకందరికీ చెప్పినదానివి నువ్వు."

ఒజీత్ చేతిలో మొలాసిస్ గరిట అలాగే ఉంది. "పేరు నువ్వే ఇచ్చావు కదక్కా," అంది, చాలా చిన్నగా.

"ఇచ్చాను. నాకు రాయడం రాదు. నీకొచ్చు." ఎదెస్ నా వైపు చూసింది. "నేర్పినవాళ్లూ ఇక్కడే ఉన్నారు."

నేను లేచి నిలబడ్డాను.

"లొరేన్ ఫోను చేసింది," అంది ఎదెస్. లొరేన్ ఆమె చిన్న కూతురు; హాలిఫాక్సులో నర్సు. "వాళ్ల ఆసుపత్రిలో ఎవరో చదువుతుంటే చూసిందట. 'ఆ దుకాణం నాకు గుర్తుంది, మదర్' అంది. ఇంకేం అనలేదు. పెట్టేసింది."

ఆమె మెట్లు దిగి, రోడ్డు దాటి, తన ఇంట్లోకి వెళ్లిపోయింది. ఒజీత్ తలుపు మూసి, గుడ్డలు తిరిగి కుక్కింది. ఒక్కొక్క సందూ చూసుకుంటూ, శ్రద్ధగా కుక్కింది. తర్వాత వచ్చి రొట్టె తిన్నది.

ఊళ్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ వారం ఎదెస్ భర్త అల్ఫే కట్టెలు తెచ్చి, తలుపు కొట్టి, గుమ్మంలో దించి వెళ్లాడు. తర్వాతి వారం వెనెరాంద్ గుడ్లు తెచ్చి తలుపు కొట్టింది. ఈస్టరు నాటికి ఊరంతా ఒజీత్ బెలివో ఇంటి ముందు తలుపు కొడుతోంది. ఆమె ఆ తలుపు సందుల్లోని గుడ్డలు తీసి పారేసింది, మాటిమాటికీ తీసి పెట్టలేక. ఆ ఇల్లు ఆ సంవత్సరం నుంచి చలిగా ఉండేది.

ఆమె డాక్టరుకు ఉత్తరం రాసింది. మొదటి ప్రతి పదకొండు పుటలు, రెండవది ఒక పుట. నేను దిద్దవలసింది ఏమీ లేదు. జవాబు వెంటనే వచ్చింది. డాక్టరు చాలా బాధపడింది. ఆ బాధ నిజమైనదేనని నేను నమ్ముతాను. పరిశోధనకు ఉన్న నియమాలన్నీ పాటించాననీ, చదివే ఏ వ్యక్తికీ ఎవరు ఎవరో తెలిసే అవకాశం లేదని విశ్వవిద్యాలయం కూడా ఒప్పుకున్నదనీ రాసింది. చదివేవారిలో మేము కూడా ఉంటామన్నది ఆ నియమాల్లో లేదు. ఆ పుస్తకానికి మంచి పేరు వచ్చిందని తర్వాత విన్నాను. నేనూ పూర్తిగా చదివాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మాకు రెండు ముఖాలున్నాయనీ, ఒకటి పండుగకు, ఒకటి దుకాణానికి అనీ, ఆ రెండూ కలిస్తేనే మేమనీ ఆమె రాసింది. అది ఎవరినీ నిందిస్తూ రాసింది కాదు. అయినా, ఆ ఆగస్టులో జెండా వెనెరాంద్ మోసింది. ఎదెస్ ఆ రోజు ఇంటి కిటికీ తెరలు తీయలేదు.

తొమ్మిదేళ్లు అలా గడిచాయి. ఒజీత్ ఫ్యాక్టరీకి వెళ్లేది, వచ్చేది. చర్చిలో అక్క ఎడమ వరుసలో కూర్చుంటే ఈమె కుడి వరుసలో కూర్చునేది. నేను ప్రతి బుధవారం వెనక గుమ్మం తోసుకుని వెళ్లి, కెటిల్ పెట్టేదాన్ని. ఆమె కాగితమూ కలమూ మళ్లీ పట్టలేదు. తండ్రి కథల నలభై రెండు ప్రతులూ అలమారలో ఉండేవి. ఎవరికైనా చూపించమంటే, "ఇప్పుడెందుకులెండి," అనేది.

ఒకసారి అడిగాను. "నీకు ఏడుపు రాదా ఒజీత్?"

ఆమె నిజంగానే ఆలోచించింది. ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం ఆమెకు ఎప్పుడూ ముఖ్యమే.

"తొట్టిలో చేతులు పెడితే పొద్దున నొప్పి పెడతాయి టీచరమ్మగారూ. మధ్యాహ్నానికి పెట్టవు. ఇప్పుడు మధ్యాహ్నం."

"సాయంత్రానికి తిరిగి నొప్పి పుడుతుంది కదా."

"ఇంటికొచ్చి వేడినీళ్లలో పెడితే పుడుతుంది. పెట్టకపోతే పుట్టదు."

అక్క ఇంటికి వెళ్లి మాట్లాడమని నేను రెండుసార్లు చెప్పాను. రెండవసారి ఆమె వెళ్లింది. వెనక గుమ్మం దాకా వెళ్లి, తోసుకుని లోపలికి వెళ్లాలా, తలుపు కొట్టాలా తేల్చుకోలేక, కొంతసేపు నిలబడి తిరిగి వచ్చింది. కిటికీలోంచి ఎదెస్ ఆమెను చూసిందట. ఆ సంగతి ఎదెస్ నాతో చెప్పింది, చాలా ఏళ్ల తర్వాత. "తోసుకుని వస్తుందేమోనని కుర్చీ లాగిపెట్టాను," అంది. ఎదెస్ పోయి ఇప్పటికి మూడేళ్లయింది. లొరేన్ కెనడా ఆ చివర ఎక్కడో ఉంది. అందుకే ఈ సంగతులన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

1984 జనవరిలో ఒజీత్‌కు కడుపులో రాచపుండు ఉందని యార్మత్ వైద్యులు చెప్పారు. కోసి చూసి, మళ్లీ కుట్టేశారు. ఏప్రిల్ దాటదన్నారు. ఆమె ఇంటికి వెళ్తానంది. వంటింట్లోనే మంచం వేయించాం. మార్చి రెండవ వారంలో డాక్టర్ హాల్‌బర్ట్ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆమెకు ఒజీత్ జబ్బు సంగతి తెలియదు. పుస్తకాన్ని విద్యార్థుల కోసం మళ్లీ ముద్రిస్తున్నారట. మొదటి ముద్రణలో దొర్లిన తప్పులు ఏవైనా ఉంటే, మే నెలలోగా తెలియజేస్తే సవరిస్తామని, ముఖ్యంగా టీచరుగారిని అడగమని రాసింది.

ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఒజీత్ కళ్లు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకుని నేను లేవబోయాను.

"పుస్తకం తీయండి," అంది. "నూట పన్నెండు."

తీశాను.

"అక్కడ జెనాయిద్ అని ఉందిగా. అది తప్పు."

"తప్పేమిటి?"

"అది అక్క చెప్పింది కాదు. నేను చెప్పాను. టేపులు మార్చేటప్పుడు కలిసిపోయింది. అలా రాయండి. ఆ మాటలన్నీ ఒజీత్ బెలివోవి అని, దాచక్కర్లేదు, అసలు పేరే వేయమందని రాయండి."

"ఒజీత్, నీకు పిల్లలు లేరు."

"అదీ ఆలోచించాను. 'నా పిల్లలతో' అని ఉన్నచోట 'అక్క పిల్లలతో' అని పెట్టండి. దుకాణానికి లొరేన్‌ని నేను తీసుకెళ్లినట్టు. 'మామా' తీసేసి, పిన్నిని పిలిచినట్టు 'తాంత్' అని పెట్టండి. 'మదర్' తీసేసి 'ఆంటీ' అని పెట్టండి. జెండా ముక్క కొట్టేయండి. వయసు నలభై అయిదు చేయండి. సరిపోతుంది."

ఎంతకాలం నుంచి ఆమె ఆ పుటను మనసులో దిద్దుకుంటున్నదో నేను అడగలేదు. ఎక్కడ ఏ మాట మార్చాలో ఒక్కటి కూడా తడుముకోలేదు.

"ఊళ్లోవాళ్లు నమ్ముతారా?"

"మొదటిది తప్పని రెండో దాంట్లో అచ్చేస్తే నమ్ముతారు. తలుపు కొట్టేవాళ్లు ఎలాగూ నా తలుపే కొడుతున్నారు. అక్క మళ్లీ జెండా పట్టుకోవచ్చు. లొరేన్‌కి తెలుస్తుందనుకోండి. దానికి నిజం తెలుసు. కానీ కాగితం మీద అది ఇక వాళ్లమ్మ మాటగా లేదని తెలిస్తే, ఫోను చేస్తుందేమో."

"ఇది అబద్ధం ఒజీత్."

"అవును."

బయట అల్ఫే కట్టెలు దించి, తలుపు రెండుసార్లు కొట్టి వెళ్లిపోయాడు.

"నీకు బాధ లేదా?" అన్నాను. "నువ్వు పోయాక నిన్ను అలా తలుచుకుంటారు. పసిపిల్ల పిలిస్తే పలకని మనిషివని."

"పోయాక నా పేరు ఎవరిదీ కాదు కదా," అంది. నవ్వలేదు. అది ఆమెకు లెక్క తేలిన జవాబు లాంటిది, అంతే.

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆ ఉత్తరం ఆమే రాయవచ్చనీ, ఆమె చెబితే ఎవరైనా రాసిపెడతారనీ, పాదిరీగారున్నారనీ అన్నాను. ఆమె దుప్పటి కింద నుంచి చేయి తీసి, నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. ఎంత గట్టిగా పట్టుకుంటున్నదో ఆమెకు తెలియడం లేదని నాకు అర్థమైంది.

"నేను రాస్తే అక్క మీద జాలితో రాశాననుకుంటుంది డాక్టరు. మీరు రాయండి టీచరమ్మగారూ. మీరు తప్పు రాయరని ఆవిడకి తెలుసు."